కుప్పంలో రెండు ఓడల ఎడం

మా చిన్నాయన మునెప్పకు చూపు పోతోందని మదనపల్లె కంటి డాక్టరు చెప్పిన రోజే ఈ ప్రయాణం మొదలైంది. పక్క చూపు అప్పటికే పోయింది. గొట్టంలోంచి చూసినట్టు నడిమి ముక్క ఒక్కటే మిగిలింది, అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు. చిన్నాయన, "గోవిందప్పను ఒకసారి సూడాల. కుప్పంలో ఉండాడు. పిల్చుకోని పోతావా?" అని అడిగాడు.

అది రెండు వేల నాలుగు వేసవి. మదనపల్లెలో ఉదయం ఆరింటి బస్సెక్కాం. కుప్పం దాకా మనిషికి అరవై రూపాయల లోపే పడింది. నేను చర్చిల్లో బోధ చేసేవాణ్ణి కాబట్టి నా సంచిలో వాక్యగ్రంథం, ఆయన ఒళ్లో చెనక్కాయల పొడి డబ్బా.

చిన్నాయన డెబ్బై ఒకటి యుద్ధంలో నూనె ఓడలో పనిచేశాడు. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం పోసే ఓడ అది. పుంగనూరులో బస్సు ఆగితే టీ తాగాం. ఆయన నడకా నిటారుతనమూ చూసి టీ కొట్టాయన, "మిలిట్రీనా పెద్దాయనా? తుపాకి పేల్చినారా?" అన్నాడు.

"లేదప్పా. పేల్చేవాళ్లకు నూనె పోసినాం."

"అయితే పెట్రోలు బంకు."

"బంకు కాడికి బండి వస్తాది. మేం బండి కాడికి పోయినాం. అదీ నిలబడని బండి."

టీ కొట్టాయన నవ్వి, ఇంకో సగం గ్లాసు పోశాడు.

మళ్లీ బస్సెక్కాక ఆ పని నాకు వివరంగా చెప్పాడు. రెండు ఓడలూ పక్కపక్కన ఒకే వేగంతో పోతూనే ఉండాలి. తాడు విసిరి, దాని వెంట లావు గొట్టం పంపి నూనె పోస్తారు. దూరమైతే గొట్టం తెగుతుంది, దగ్గరైతే నీళ్లు రెండింటినీ లాగి గుద్దిస్తాయి. మాట వినబడదు కాబట్టి అన్నీ చేతి సైగలే. రెండు చేతులూ పైకెత్తితే గొట్టం అందింది, పోయమని. ఒకసారి చిన్నాయన ఇంటి పొడి డబ్బా తాడుకు కట్టి పంపితే, అవతలి డెక్ మీద ఒకడు నాకి చూసి గంతేశాడట. మనోడే అనుకున్నాడు చిన్నాయన. ఆ మనోడే గోవిందప్ప. అప్పటినుంచి నూనె పోసిన ప్రతిసారీ ఒక డబ్బా పోయేది.

"ఇప్పుడా ఓడ యాడుండాది?" అన్నాను.

"యాడా లేదు. శానా ఏండ్లు తిరిగింది. ముసల్దయినాక రేవులో కట్టేసి నూనె నిలవకు పెట్టుకున్నారు. తొంభైల్లో తుక్కు కింద కోసేసినారు. మనిషికైతే సమాధన్నా ఉంటాది."

దీపంలో నూనె లేక వాకిట్లోనే ఉండిపోయిన కన్యల కథ మా లేఖనాల్లో ఉంది. అది చెప్పి, ఎవరి నూనె వాళ్లే తెచ్చుకోవాలని నేనెన్ని సభల్లో గర్జించానో. అడిగినవాళ్లకల్లా నూనె పోసిన మనిషి ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. పలమనేరులో బస్సు మారాం.

కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. ముందే కబురందిన గోవిందప్ప బస్టాండు బయట ఎదురొచ్చి చిన్నాయన చేతులు పట్టుకున్నాడు. చిన్నాయన మొహం అటూ ఇటూ తిప్పాడు. "చెవి కనపడతాండాది. గడ్డం కనపడతాండాది. మనిషి కనపడలేదప్పా."

ఇంత దూరం వచ్చి ఇందుకా అనిపించి, "ఇంకా దగ్గరికి రా చిన్నాయనా" అని వీపు మీద చెయ్యేసి తోశాను.

గోవిందప్ప నన్ను ఆపాడు. "యాలప్పా అట్ల తోస్తావు? గుద్దుకుంటాం."

చేతులు వదిలి వెనక్కి నడవసాగాడు. రోడ్డు దాటి, అవతలి గోడ దాకా పోయి నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు.

చిన్నాయన చెయ్యీ లేచింది. "ఇప్పుడు పట్టినాడు. కాళ్ల కాడ్నించి తలకాయ దాకా ఉండాడు. ముసలోడైపోయినాడు, పాపం." మధ్యలో ఆటోలు పోతున్నాయి. కన్నార్పకుండా చాలాసేపు చూశాడు. తర్వాత డబ్బా నా చేతికిచ్చాడు. "పో, అందించిరా. ఇది పోకుంటే పని అయినట్టు కాదు."

ప్రేమంటే దగ్గరికి లాగడమేనని పాతికేళ్లు బోధించాను. ఆ రోజు తాడు చేసే పని నాకు దక్కింది, డబ్బా పట్టుకుని రోడ్డు దాటాను. అదే చిన్నాయన గోవిందప్పను చూసిన ఆఖరిసారి. మీరూ ఇట్లా చూపు సన్నగిల్లిన వాళ్లను తీసుకుపోతుంటే ఉదయం బస్సే పట్టుకోండి, వెలుతురుండగా చేరతారు. కలుసుకునే చోటు మాత్రం ఇంటిగదిలో పెట్టుకోకండి. వెడల్పాటి రోడ్డు ఉండాలి.