ఖురూజ్ బటన్

2006 వేసవిలో నన్ను రియాద్ హెడ్డాఫీసు నుంచి అల్ ఖర్జ్ సర్వీసు డిపోకి సిస్టమ్స్ సూపర్‌వైజర్‌గా పంపారు. డెయిరీ ఫార్మ్‌లకు పాలు పితికే యంత్రాలూ, పాలు చల్లబరిచే ట్యాంకులూ అమ్మి, వాటి మరమ్మతులు కూడా చూసే కంపెనీ మాది. హోదా పేరు పెద్దదే గానీ నా కింద మనుషులెవరూ లేరు. ఉన్నదల్లా ఒక చిన్న సర్వర్ గది, దాని ఏసీ, ఎడారిలో తిరిగే టెక్నీషియన్ల లాప్‌టాప్‌లు.

అప్పటికి కంపెనీ మొత్తం రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతికి మారింది. ఆ పద్ధతిలో లాప్‌టాప్ వట్టి కిటికీ. ప్రోగ్రాములూ ఫైళ్లూ మెయిళ్లూ అన్నీ సర్వర్‌లోనే ఉంటాయి, లైన్ ఉన్నంతసేపే కిటికీలోంచి కనబడతాయి. ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఇది హాయి. ఫార్మ్‌లకు వెళ్లేవాళ్లకు మాత్రం ఊరు దాటగానే సిగ్నల్ పోయేది, దానితోపాటే మెయిలూ పోయేది. దీనికి నేనొక ఉపాయం పన్నాను. టెక్నీషియన్ పొద్దున డిపోలో పని ఆర్డర్లు చూసుకుని లాగాఫ్ కాగానే సర్వర్ అతని మెయిళ్ల నకలును లాప్‌టాప్‌లోకి దించేస్తుంది. ఫార్మ్‌లో లైన్ లేకపోయినా వాటిని తీరిగ్గా చదువుకోవచ్చు, జవాబులు రాసిపెట్టుకోవచ్చు. తిరిగొచ్చి లాగిన్ కాగానే ఆ జవాబులు వెళ్లిపోతాయి. మెయిల్ ఫైలు తెరిచి ఉన్నంతసేపు నకలు తీయడం కుదరదు కాబట్టి లాగాఫ్ వేళనే ఎంచుకున్నాను. ఈ ఏర్పాటు చూసుకుని నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి.

ఇల్లలకగానే పండగ కాదని నెల తిరక్కుండానే తెలిసింది. జాఫర్ అనే టెక్నీషియన్, నంద్యాల మనిషి, ఒక ఫార్మ్‌లో ట్యాంకుకు పాత రకం థర్మోస్టాట్ బిగించి వచ్చాడు. ఆ రకం వాడొద్దని ఆ పొద్దున్నే అందరికీ మెయిల్ వెళ్లింది. ట్యాంకు చల్లబడక పాలన్నీ విరిగిపోయాయి. సర్వీస్ మేనేజర్ ముహందిస్ హిషామ్ ఈజిప్టు ఆయన. ముహందిస్ అంటే ఇంజనీరు, పేరుకు ముందు ఆ మాట లేకుండా పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. ఆయన నిలదీస్తే, లాప్‌టాప్‌లోకి మెయిల్ రాలేదని జాఫర్ అన్నాడు. నన్ను పిలిచి అడిగారు. సర్వర్‌లో చూసి, అతని ఇన్‌బాక్స్‌లో మెయిల్ ఉందని చెప్పక తప్పింది కాదు. ఇంకేముంది, జాఫర్ అబద్ధాలకోరు అయిపోయాడు. ఇంకొక్క మెయిల్ తప్పిందంటే ఖురూజ్ నిహాయీ కొట్టించి ఇంటికి పంపేస్తానని హిషామ్ అందరి ముందూ హెచ్చరించాడు. అంటే మళ్లీ రావడానికి లేని ఎగ్జిట్ వీసా. నంద్యాలలో జాఫర్ తమ్ముడి పాలిటెక్నిక్ చదువు ఈ జీతం మీదే నడుస్తోంది.

నా లాప్‌టాప్‌లో నేను పరీక్షించిన ప్రతిసారీ నా ఉపాయం భేషుగ్గా పనిచేసింది. జాఫర్ లాప్‌టాప్ తెరిస్తే మాత్రం, శిక్షణ రోజు నేను దగ్గరుండి దింపిన మెయిళ్లు తప్ప కొత్తది ఒక్కటీ లేదు. హిషామ్ మాటా నిజమే, జాఫర్ మాటా నిజమే. ఈలోగా హెడ్డాఫీసు ఐటీ మేనేజర్ ఫోన్ చేసి, మీ ప్రయోగం ఇక కట్టిపెట్టండని సెలవిచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

సర్వర్‌లో సెషన్ల పట్టిక తెరిచాను. ఒకరు లాగిన్ అయింది మొదలు లాగాఫ్ అయ్యేదాకా వారి పేరున నడిచేదాన్ని సెషన్ అంటాం. టెక్నీషియన్లందరూ ఫార్మ్‌లకు వెళ్లిపోయారు, వాళ్ల సెషన్లు మాత్రం డిస్‌కనెక్ట్ అయిన స్థితిలో లోపల నడుస్తూనే ఉన్నాయి. ఒక్కరూ లాగాఫ్ కాలేదు. ఇక నకలు దిగేదెప్పుడు?

మర్నాడు జాఫర్‌ని పిలిచి, రోజూ పని ఎలా ముగిస్తాడో చేసి చూపించమన్నాను. కిటికీ మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేశాడు. అలా మూస్తే లైన్ తెగుతుంది గానీ సెషన్ ముగియదు. మెనూలోకి వెళ్లి లాగాఫ్ నొక్కమని శిక్షణలో చెప్పాను కదా అన్నాను. అతను మళ్లీ లాగినై, మెనూ తెరిచి ఆ మాట మీద వేలు పెట్టాడు.

"చెప్పినారు సార్. ఆడ ఏం రాసుండాదో మీరు సదివినారా?"

నాకు అరబ్బీ రాదు. అకౌంట్స్ వాళ్ల సౌకర్యం కోసం మా సర్వర్ తెరలన్నీ అరబ్బీలో ఉండేవి. నేను గుర్తులను బట్టి, వరసను బట్టి నొక్కుకుపోయేవాణ్ణి. చిన్నప్పుడు మదర్సాలో చదువుకున్న జాఫర్‌కి ఆ లిపి వచ్చు.

"తస్‌జీల్ అల్ ఖురూజ్ అని ఉండాది సార్. ఖురూజ్ నమోదు చేసుకోమని. పొద్దున్నే నా చేత్తో నేనే ఖురూజ్ ఎట్ల నొక్కుకునేది? నేనొక్కణ్ణే కాదు సార్, పాకిస్తానోళ్లు గూడా నొక్కరు."

బయటికి వెళ్లడానికి అరబ్బీలో అదే మాట, వీసాకైనా లాగాఫ్‌కైనా. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. నొక్కితే నిజంగా వీసా పడుతుందని వాళ్లలో ఎవరూ అనుకోలేదు. మన ఇళ్లలో గడప దాటేవాడు వెళ్తానని అనడు, వెళ్లొస్తానంటాడు. వెళ్తానంటే ఏమవుతుందని అడిగితే ఏమీ కాదనే చెబుతారు, అయినా అనరు. ఇదీ అంతే.

విరుగుడు అక్కడి వీసాల్లోనే దొరికింది. సెలవు మీద ఊరెళ్లేవాడికి ఇచ్చే వీసా పేరు ఖురూజ్ వ అవ్దా. వెళ్లి తిరిగి రావడం, అచ్చంగా మన వెళ్లొస్తానే. లాగాఫ్‌కి ఒక షార్ట్‌కట్ తయారుచేసి, దాని కింద ఆ మాటను జాఫర్ చేతనే టైపు చేయించి, అందరి తెరల మీదా పెట్టాను. మర్నాడు డిపోలో ఒకరు చూసి ఇంకొకరిని పిలిచారు. ఇక రోజూ సెలవేనన్నమాట అని లాహోర్ మెకానిక్ ఒకాయన ఉర్దూలో అంటూ నొక్కాడు. పట్టికలోంచి సెషన్లు ఒక్కొక్కటే తొలగిపోతుంటే నా గదిలో నేను ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

ఆ వారంలోనే పరీక్ష వచ్చింది. కొన్ని ట్యాంకుల వైరింగ్ మార్చాలని డ్రాయింగ్‌తో సహా ఉదయాన్నే మెయిల్ వచ్చింది. జాఫర్ ఆ రోజు వెళ్లింది అలాంటి ట్యాంకు దగ్గరికే, సిగ్నల్ లేని ఫార్మ్‌కి. హిషామ్ పొద్దుటి నుంచీ కాచుకునే ఉన్నాడు. సాయంత్రం జాఫర్ తిరిగొచ్చి లాగిన్ కాగానే, ఫార్మ్‌లో రాసిపెట్టుకున్న జవాబు హిషామ్‌కి చేరింది. డ్రాయింగ్ ప్రకారం వైరింగ్ మార్చాను, ట్యాంకు చల్లబడుతోంది అని. లైన్ లేని చోట అతను మెయిల్ ఎలా చదివాడని హిషామ్ నా గదికి వచ్చి అడిగాడు. చూపించాను. బటన్ మీద మాట చదివి ఆయన పడీపడీ నవ్వాడు. తర్వాత టెక్నీషియన్లందరినీ నిలబెట్టి, జాఫర్ మొదటి రోజు చెప్పింది కూడా నిజమేనని, తన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. అందరి ముందూ అన్నదాన్ని అందరి ముందే వెనక్కి తీసుకునే అధికారిని నా సర్వీసులో ఆయనొక్కణ్ణే చూశాను.

కట్టిపెట్టమన్న ప్రయోగాన్నే ఐటీ మేనేజర్ తబూక్ డిపోకి కూడా పంపమన్నాడు, బటన్ పేరుతో సహా. ఆ చలికాలం జాఫర్ సెలవు మీద బయల్దేరుతూ నా గదికి వచ్చి పాస్‌పోర్టు తెరిచి వీసా చూపించాడు.

"ఈసారి అసలుదే నొక్కినారు సార్. పోయొస్తా."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ ప్రోగ్రాము పెట్టినా, వాడబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తెర మీది ప్రతి మాటా పైకి చదివించి, దానికి అర్థం ఏమిటో అతని నోటనే చెప్పించేవాణ్ణి. పని చేస్తోందా లేదా అన్న పరీక్ష ఆ తర్వాతే.