గడపకు పూసిన ఎర్రమన్ను

పోచంపల్లిలో మారయ్య బతికున్నన్నాళ్లూ బతుకమ్మ పండగకు ఎర్రమన్ను తేవడం ఆయన పనే. మగ్గం దిగి, గుట్టకు పోయి గంపెడు తెచ్చేవాడు. భార్య వజ్రమ్మ దాన్ని నానబెట్టి గడపకు జాజు పూసేది. ఆయన పోయాక ఆమె పట్నం వచ్చి కొత్తపేటలో కిరాయికి దిగి, చీరలకు ఫాల్స్ కుట్టి కూతురు విజయశ్రీని చదివించింది. చదివించింది గానీ, ఆ చదువేమిటో ఆమెకు అంతుబట్టలేదు. రాళ్ల చదువట! రాళ్లు అన్నం పెడతాయా?

సకల జనుల సమ్మెకు ముందు విజయశ్రీ గోదావరి వైపు ఒక బొగ్గు గనికి పోయి, ఏ పొర మన్ను ఆ పొరకే మూట కట్టి తెచ్చి డాబా మీద ఆరబెట్టింది. దీపావళి దాటగానే దాన్ని పరీక్ష చేయించి యూనివర్సిటీకి పరిశోధన వ్యాసం అప్పగించాలి. వజ్రమ్మకు మాత్రం ఎర్రమన్ను ఒక్కటే కనబడింది. తండ్రి అలవాటును బిడ్డ మరవలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది పిచ్చితల్లి. ఒక్కమాట అడిగితే సరిపోయేది.

పండగనాటికి బస్సులు బంద్. విజయశ్రీ ఎల్బీ నగర్ రోడ్డు మీదే వండి తినే వంటావార్పు నిరసనకు పోయి, సాయంత్రం నడిచొచ్చేసరికి గడప ఎర్రగా మెరుస్తోంది.

"అమ్మా, డాబా మీది మన్నేది?"

"గదే గద బిడ్డా పూసింది! అన్ని మూటలు ఒక్క బకెట్ల నానవోసిన. మీ నాయిన లెక్కనే యాది పెట్టుకొని తెచ్చినవ్."

విజయశ్రీ గడప పక్కన కూర్చుని, ఆ ఎరుపును వేలితో తాకి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. మెల్లగా చెప్పింది.

"కింద బొగ్గుల ఆకుల అచ్చులుంటయమ్మా. దాని మీది ఎర్రమన్నుల ఒక్క వేరు గూడ ఉండది. కోట్ల ఏండ్ల కింద అడవులన్ని సచ్చినయ్. పట్టుకునే వేర్లు లేక నేలంత వానకు కొట్టుకపోయి ఏర్లల్ల పడ్డది. గా సావుకు సాక్షి గీ మన్నే."

"మల్ల తెచ్చుకోరాదా?"

ఎట్లా తెస్తుంది? గనిలోనూ సమ్మే. నీళ్లు తోడే మోటార్లు ఆగాయి. సమ్మె విరమించాక ఆమె పోయి చూస్తే, వాననీరు నిలిచి తాను మన్ను తీసిన గని గోడే కూలిపోయి ఉంది. గడువూ దాటింది. విజయశ్రీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి కుదిరింది.

వజ్రమ్మ మళ్లీ జాజు పూయలేదు, ఆ గడప కడగనూ లేదు. రంగు రోజురోజుకూ అరిగిపోతుంటే చూస్తూ కూర్చునేది. ఇంటికి ఎవరొచ్చినా చేతులు అడ్డంపెట్టి చెప్పేది.

"జర కాలెత్తి దాటుండ్రి. అది మా బిడ్డ చదువు."