తుడిచేసిన చిలుము

నిన్న మా ఆవిడ అటక మీది రాగి బిందె దింపి చింతపండుతో తోముతుంటే, అంచున పేరుకున్న పచ్చటి చిలుము చూసి నాకు మా తోడల్లుడు గుర్తొచ్చాడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. అతను గుర్తొస్తే ఈ వయసులోనూ నాకు కడుపులో మండుతుంది. దాచుకోవడం దేనికి, అసూయే.

అడవి అంచున ఉన్న కరెంటు ప్లాంటులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నేను ఇంజనీరు, అతను ఫిట్టరు. చండ్రుగొండలో మా అత్తగారికి మాత్రం అతనే ఇంజనీరు. "చిన్నల్లుడు చెయ్యి పెడితే మోటరు మాట ఇంటది" అని మురిసిపోతూ, నాటుకోడి కూరలో కందనకాయ అతని పళ్ళెంలోనే వేసేది. నా డిగ్రీకి మెడ ముక్క దక్కేది.

మా జనరేటర్‌లో రాగి కడ్డీలు లోపల బోలుగా ఉంటాయి. వేడెక్కకుండా వాటిలో నీళ్ళు పారుతుంటాయి. అతుకు దగ్గర చుక్క కారినా పైనున్న ఇన్సులేషన్ నాని, ఏదో ఒకరోజు మొత్తం కాలిపోవచ్చు. అందుకే కొన్నేళ్ళకోసారి ప్లాంటు ఆపి చేసే ఓవర్‌హాల్‌లో నీళ్ళు తీసేసి, గాలి నింపి, ప్రతి అతుకుకూ సబ్బు నురగ పూసి బుడగ వస్తుందేమో చూస్తాం. ఒకసారి ఆ పని నా వంతుకొచ్చింది. ఆఖరి వరసకొచ్చేసరికి నడుం పట్టేసి, నురగ పూయకుండానే 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను. తర్వాతి ఓవర్‌హాల్‌లో సరిగ్గా ఆ వరసలోనే మా తోడల్లుడికి బుడగ కనిపించింది. ఇన్సులేషన్ విప్పితే అతుకు చుట్టూ మందంగా చిలుము. అంత పట్టాలంటే రెండు ఓవర్‌హాల్‌ల మధ్య కాలం చాలదు. అంటే నేను సంతకం పెట్టేనాటికే అది కారుతోంది. ఆ చిలుము పెద్దసారు చూస్తే నా ఉద్యోగం పోయినట్టే. ఆ వరసకు సంతకం నాదని తెలిసిన అతను నావైపు ఒకసారి చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి చిలుమంతా శుభ్రంగా తుడిచి, అప్పుడు పెద్దసారును పిలిచాడు.

"మొన్న మొన్ననే మొదలైనట్టున్నది సార్. జల్దీ దొరికింది, మంచిదైంది" అన్నాడు.

అతుకు మళ్ళీ వేశారు, నా ఉద్యోగం నిలిచింది. కృతజ్ఞత కలగాలి కదా, నాకు కడుపుమంట రెట్టింపైంది. పనిలో నాకంటే మొనగాడంటే ఎలాగో సర్దుకునేవాణ్ణి. మంచితనంలో కూడా ముందుంటే నేనెక్కడ నిలబడాలి? బయటికొచ్చాక "ఎందుకు గట్ల చేసినవ్?" అని కసిరాను. "ఏంది అన్నా, నేనేం చేసిన?" అని నవ్వి, టిఫిన్ డబ్బా తీసుకుని పోయాడు. అత్తగారింట్లోనూ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఒకసారి పోట్లాడుకుని తేలికపడేవాణ్ణి.

"రేపు మా చెల్లెలోళ్ళు వస్తున్నరు, కోడి తేవాలె" అంది మా ఆవిడ, బిందె బోర్లిస్తూ. కందనకాయ అతనికి నేనే వడ్డిస్తానన్నాను. తప్పు నాదేనని అతనితో చెప్పడానికి ఇన్నేళ్ళూ చాలలేదు గానీ, కందనకాయ వదులుకోవడానికి మాత్రం సరిపోయాయి.