డీజిలు కొలిచిన పుల్ల

ఆ రోజుల్లో నా చేతిలో ఒక డిప్లొమా కాగితం, నోట్లో ఆ కాగితం కంటే పెద్ద మాటలు ఉండేవి. హిందూపురంలో మూడేళ్లు ఆటోమొబైలు చదివాను కాబట్టి బండికొచ్చే జబ్బేదీ నా కళ్లుగప్పి దాక్కోలేదని నమ్మకం. (ఉద్యోగం మాత్రం బాగానే దాక్కుంది.) ఖాళీగా ఉంటే చెడిపోతానని మా మేనమామ నన్ను కనగానపల్లికి పిలిపించి, పట్టుగూళ్లు తోలే తన పాత లారీని చూసుకోమన్నాడు. దాని డ్రైవరును ఊరంతా నిదానమన్న అనేవారు. ఆ బండిలో డీజిలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. రోజూ పొద్దున నేను తాళం తిప్పితే ఆయన ట్యాంకుకు చెవి ఆనించి, లోపల సన్నగా గుయ్ మన్నాకే "పలుకుతాండాది, పోదాం పా" అనేవాడు. పంపును చెవితో పరీక్షించే మనిషి కింద పనిచేయాల్సి వచ్చిందే అని నా బాధ.

డీజిలు ఎంతుందో చూపే మీటరు అంతకు ముందే చచ్చిపోయింది. బాగు చేయించడం మానేసి, నేను తోటలో ఒక పచ్చి మల్బరీ పుల్ల విరిచి, చాకుతో గాట్లు పెట్టి, ట్యాంకులో ముంచి కొలవడం మొదలుపెట్టాను. "బెరడు ఒలిచెయ్ అబ్బయా" అన్నాడు నిదానమన్న. ఒలిస్తే నా గాట్లు చెరిగిపోతాయి. ఒలవలేదు.

ఆ ఏడాది గూళ్లు బాగా వచ్చాయి. అంతకు ముందు ఒకసారి టైరు పోయి, బండి హిందూపురం మార్కెట్టుకు వేలం అయ్యాక చేరినందుకు మామ నిదానమన్నకు గట్టిగానే చెప్పాడు. "ఇంగోసారి యాలం తప్పిందంటే తాళం ఈడ పెట్టి పోతా ఉండప్పా." ఆ మాట ఇద్దరి చెవుల్లోనూ ఉండగానే ఒకరోజు తెల్లవారుతుండగా గూళ్లతో బయలుదేరాం. పెనుకొండ దాటి సోమందేపల్లి ఇంకా రాకముందే లారీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నిదానమన్న దిగి, నన్ను తాళం తిప్పమని, ట్యాంకుకు చెవి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"పలకల్యా. పంపే పోయిండాది."

"అట్ల ఊరికే చెప్పకూడదన్నా. ఒక వరస ప్రకారం చూసుకుంటా పోవల్ల" అన్నాను. నా వరస ఫిల్టరుతో మొదలైంది. దాన్ని విప్పి, ఊది, బిగించాను. చేతిపంపు కొట్టి గాలి తీశాను. ఇంజెక్టర్ల పైపులు ఒక్కొక్కటే సడలించి, డీజిలు రావడం లేదని ఒక్కొక్కదాని దగ్గరా కొత్తగా ఆశ్చర్యపోయాను. ఆయన ఒకసారి చక్రాల రెంచీకి గుడ్డ చుట్టి ట్యాంకును రెండు దెబ్బలు వేయబోతే, నిప్పురవ్వ లేస్తుందని పాఠం చెప్పి ఆపాను. (ఆ గుడ్డ ఎందుకు చుట్టాడో నాకు తట్టలేదు.) ఎండ ఎక్కింది. సంచుల్లో గూళ్లు వేడెక్కుతున్నాయి. ఆయన మాటిమాటికీ హిందూపురం వైపు చూస్తున్నాడు. నేను గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఇంజను మీద పడి ఉన్నాను. చివరికి ఆయనే వచ్చి ట్యాంకును కొట్టాడు. లోపల గుయ్ మని ఒక్క క్షణం పలికి మళ్లీ మూగబోయింది. పంపు వైరుకు బల్బు పెట్టి చూస్తే వెలిగింది. కరెంటు వస్తోంది, పంపే తిరగడం లేదు. మూడు గంటల కిందట ఆయన చెప్పిన మాటకు నేను అప్పుడు చేరుకున్నాను.

ట్యాంకు దించి పంపు బయటికి తీశాం. దాని జల్లెడంతా నాని అట్టకట్టిన బెరడు పీలికలు. నిదానమన్న ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. తర్వాత క్యాబిన్లో సీటు వెనక ఉన్న నా పుల్లను చూశాడు. కింది సగం బెరడంతా పోయి తెల్లగా ఉంది, నా గాట్లతో సహా.

"కడుగుదాం పట్టు" అన్నాడు, అంతే.

జల్లెడ కడిగి బిగించాక పంపు మూలుగుతూనే మమ్మల్ని హిందూపురం చేర్చింది. అప్పటికే వేలం ముగిసింది. మరునాడు మెత్తబడిన ఆ గూళ్లను వచ్చిన ధరకు వదిలేసి ఇంటికి వచ్చాం.

మామ అరుగు మీద కూర్చుని డ్రైవరును అడగలేదు, చదువుకున్నవాణ్ణని నన్నే అడిగాడు. "ఏమైండాదిరా బండికి?"

"ట్యాంకులో చెత్త పడింది మామా."

అబద్ధం కాదు కదా. ఆ తెలివికి ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"ట్యాంకు మూత యాడబడితే ఆడ తీస్తావేమప్పా? కండ్లు ల్యావా నీకు?" అన్నాడు మామ నిదానమన్నతో.

నిదానమన్న నా వైపు చూశాడు. రోజూ ట్యాంకుకు చెవి పెట్టి ఎదురుచూసినట్టే, తొందరేమీ లేకుండా ఎదురుచూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను. కాసేపటికి తాళం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సోమందేపల్లిలో నాకు సొంత షెడ్డుంది. ఏ బండి వచ్చినా ముందు ట్యాంకుకు చెవి పెడతాను. చూసినవాళ్లు పాతకాలం మెకానిక్కని గౌరవిస్తారు. మొన్న ధర్మవరం చీరల సరుకు తోలే టెంపో ఒకటి వచ్చింది. దిగినవాడు నిదానమన్న. తల నెరిసింది. నేను కుర్చీ వేసి, టీ తెప్పించి, ఇన్నేళ్లుగా దాచుకున్న మాట చెప్పడానికి గొంతు సవరించుకున్నాను.

"అన్నా, ఆ పొద్దు మామ అడిగినప్పుడు..."

"మా బండి మీటరు గూడా పోయిండాది అబ్బయా" అన్నాడు ఆయన టీ ఊదుకుంటూ. "పుల్ల ఉంటే ఈయి. ఒలిచింది."