ఊఁ కొట్టే పిల్లకు స్కానింగు

ఇరవై రెండేళ్ళ వయసులో మనకు తెలియని సంగతంటూ ఉండదు. తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోతాయి. కిరండూల్ కాలనీలో పెరిగిన నేను ఆ వయసులోనే జగదల్‌పూర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో చేరాను. ఒక్కచోట కుదురుగా ఉండని, దేనిమీదా ధ్యాస నిలవని పిల్లల మెదడు ఎలా పనిచేస్తుందో చూద్దామని రాయ్‌పూర్ నుంచి ఒక డాక్టరుగారు వచ్చి ఎమ్మారై ఫోటోలు తీయించేవారు. పిల్లల ఇబ్బందే కదలకుండా ఉండలేకపోవడం, ఫోటోకేమో కదలకూడదు! (ఈ మాట ఆయనతోనే అన్నాను. నచ్చలేదు.) అప్పటికే ఇద్దరి ఫోటోలు నా చేతిలో చెదిరిపోయాయి. మూడోదీ పాడైతే మర్నాటి నుంచి రావద్దన్నారు.

మూడోది కోంటాలో కిరాణా కొట్టువాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంట్లో మిడత అనేవారట. వాళ్ళ నాయనమ్మ కుర్చీలో కూర్చునేలోగా అది బరువు చూసే మెషినెక్కి, బల్ల కింద దూరి, నా చెప్పులు తొడుక్కుని వరండా అంతా తిరిగొచ్చింది. ఎలాగో స్కానింగు గొట్టంలో పడుకోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దం ఇవతల నుంచి మైకులో కథ ఎత్తుకున్నాను. అనగనగా చింతలనార్ అడవిలో ఒక ఏనుగు, దానికి చక్కిలిగింతలు ఎక్కువ. పిల్ల కదిలితే ఒట్టు! కానీ నాలుగు మాటలయ్యేసరికి నాకే తోచలేదు. అవతల ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఎలా సాగుతుందండీ? "ఊఁ కొట్టవేమే?" అని గదిమాను. పాపం, చెప్పిన మాట వినే పిల్ల. అప్పటి నుంచి తలకాయ నిండుగా ఊపుతూ మరీ ఊఁ కొట్టింది. తెరమీద మెదడు కాస్తా సేమ్యా పాయసమై కూర్చుంది.

"అరే, యే క్యా హై?" అన్నారు డాక్టరుగారు. నా ఉద్యోగం ఊడిందనుకుని ఏడుపొక్కటే తక్కువ.

నాయనమ్మ మాత్రం నింపాదిగా లేచింది. "ఏంది బిడ్డా, గింతదానికే పరేషానైతవ్? నీ కతకు ఊఁ గావాలె, గంతే గదా. నేను గొడ్త. అది పండుకుంటది."

నాయనమ్మ వంతు ఊఁ, నీ వంతు కదలకపోవడం అని పిల్లకు చెప్పి కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ మైకు దగ్గర ఊఁ, ఊఁ. (తెలుగు ముక్క రాని డాక్టరుగారు కూడా కాసేపటికి ఊఁ కొట్టడం మొదలుపెట్టారు.) ఫోటోలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. నేను గాల్లో తేలిపోయాను.

పిల్ల బయటికొస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఏనుగేమైంది?"

నాకేం గుర్తుంది, నా మొహం! "ఎక్కడిదాకా చెప్పానే?"

"ఏనుగు తేనెపట్టు కోసం చెట్టెక్కింది. కొమ్మ ఇరిగింది. కోతి దాని ఎడమచెవి పట్టుకుని ఏలాడుతున్నది. జగర్గుండా సంతకు పోయే తాత సక్కగ దాని కిందనే నిలబడ్డడు." గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"బళ్ళె దీనికి ఒక్కటి యాదికుండదంటరు గదనే," అని నాయనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నేను తాతను పక్కకు తప్పించి, ఏనుగును కిందికి దింపేసరికి సెంటరు మూసే వేళయింది. ఆ రోజు ఆ గొట్టంలో పడుకోవలసింది నేనేమోనని ఇప్పటికీ నవ్వుకుంటూంటాను.