అవ్వ ప్రార్థనలో సెల్వం

దయ్యాలూ దర్శనాలూ అంటే నాకు మొదట్నించీ నమ్మకం లేదు. మాది ఉదయగిరి బాప్టిస్టు కుటుంబం. నాయన ఆత్మకూరులో లెక్కల మాస్టారు. ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని లేచిపోయేవాడు. ఆపైన నేను లా చదివాను. అనుమానపు బుద్ధి ఇంట్లోనూ వచ్చింది, కాలేజీలోనూ వచ్చింది.

తొంభైల మధ్యలో, నెల్లూరులో చదువుతుండగా, వేసవి సెలవుల్లో కొలంబోకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళాను. చిన్న మానవ హక్కుల ఆఫీసు. అక్కడి యుద్ధంలో కొడుకులు కనబడకుండా పోయిన తల్లులు వచ్చి తమిళంలో చెబుతారు. దుబాసీ ఇంగ్లీషులో చెప్తే నేను రాసుకోవాలి. ఫైళ్ళలో పేర్లు బయట ఎక్కడా చెప్పనని మొదటిరోజే సంతకం పెట్టాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

అక్కడికి వచ్చే తల్లుల్లో సెల్వం వాళ్ళమ్మ ఒకావిడ. మూడేళ్ళుగా ఆస్పత్రులూ జైళ్ళూ తిరుగుతోంది. కొడుకు చనిపోయాడని ఒప్పుకుంటే మరణ ధ్రువపత్రం వస్తుంది, దాంతో మిగతా పిల్లల చదువుకి సాయం అందుతుంది. ఆమె ససేమిరా అంది. "ఇంక తిరగడం మానెయ్యమ్మా, ఉన్న పిల్లల్ని చూసుకో" అని నచ్చజెప్పింది నేనే. జూన్ మొదట్లో సంతకం పెట్టింది. మంచిపని చేశాననే అనుకున్నాను.

జూలైలో ఆత్మకూరు వచ్చేశాను. మా అవ్వ మాతోనే ఉండేది. రోజూ పొద్దున కాఫీకి ముందు పేర్లు చెప్పి, పైకే ప్రార్థన చేసేది. కలువాయి అత్త మోకాళ్ళు, అనంతసాగరంలో అక్క కాన్పు, ఇలా ఒక్కొక్కరూ వచ్చేవాళ్ళు.

నేను వచ్చిన మూడోరోజు వాళ్ళ తర్వాత ఇంకో పేరు వచ్చింది. "సెల్వాన్ని కాపాడు తండ్రీ. ఎడమచెవి ఇనపడదు ఆ బిడ్డకి."

జడ వేసుకుంటున్న దాన్ని అలాగే ఆగిపోయాను. ముందు నన్నే అనుమానించాను. నిద్రలో ఏమన్నా వాగానా? పక్కన పడుకునే చెల్లెలు లేదంది. ఇంటికి రాసిన నాలుగు ఉత్తరాలూ అమ్మ దగ్గర తీసుకుని చదివాను. అందులో పేరు లేదు. నోటుబుక్కు ఇంగ్లీషులో ఉంది, అవ్వకి తెలుగు బైబిలు తప్ప ఇంకేదీ చదవడం రాదు. అన్నిటికన్నా, చెవి సంగతి నా నోటుబుక్కులోనే లేదు. ఆ తల్లి నాకు చెప్పనే లేదు.

అవ్వని సాక్షిని నిలదీసినట్టు నిలదీశాను.

"ఎవరవ్వా సెల్వం?"

"నాకేం తెలుసే. నోటికొచ్చినాడు, అడగతా ఉండాను."

"బతికుండాడా?"

"ఏంది ఆ మాట? పోయినోళ్ళకి మనం ప్రార్థన చేస్తామా?"

నిజమే. మాలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. తాత పోయిన మర్నాడే ఆయన పేరు అవ్వ ప్రార్థనలోంచి పోయింది. చిన్నప్పుడు దానికి నేను ఏడ్చాను కూడా.

పోస్టాఫీసులో విదేశాలకి రాసే నీలం కవరు కొన్నాను. కొలంబో అడ్రసు రాశాను. తర్వాత ఏం రాయాలి? మా అవ్వ ప్రార్థన చేస్తోంది కాబట్టి ఫైలు మళ్ళీ తెరవండి అనా? నవ్వుతారని సిగ్గేసింది. మూడు వారాలు ఆ కవరు నా సంచిలో రోజూ సంగం మీదుగా నెల్లూరు బస్సులో వెళ్ళింది, వచ్చింది.

ఒక శనివారం పొద్దున ప్రార్థనలో మోకాళ్ళు వచ్చాయి, కాన్పు వచ్చింది, అవ్వ ఆమెన్ అనేసింది.

"సెల్వాన్ని మర్చిపోయినావే?" అన్నాను.

"మర్చిపోలేదు. ఇంక వద్దు" అని కాఫీ గ్లాసు అందుకుంది. నేను క్యాలెండరు మీద పెన్సిలుతో గీత పెట్టాను.

రెండు నెలలకి దుబాసీ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. సెల్వాన్ని ఎవరో జూన్ చివర్లో ఒక ఆస్పత్రిలో చేర్చారట. మాట పడిపోయింది, పేరు చెప్పలేకపోయాడు. ఎడమచెవి వినపడదని నర్సులు రాసుకున్నారు. అతను పోయాక ఆ గుర్తు పట్టుకునే పోల్చారు. ప్రాణం పోయింది ఒక శుక్రవారం. తారీకు చూశాను. నేను గీత పెట్టినదానికి ముందురోజు.

ఆ తల్లి నెలకోసారి ఆ ఆస్పత్రికి వెళ్ళి వార్డులన్నీ చూసొచ్చేదట. సంతకం పెట్టాక మానేసింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకి ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నేను చెప్పలేను. నాకు మాత్రం అవ్వ చెప్పింది, మూడు వారాల పాటు, రోజూ పొద్దున్నే. నేనే రాయలేదు.