గవాక్షి కింద బడి

కర్నూలు రాజధాని అయిన రోజుల్లో, కమలాపురం పక్కన ఒక పల్లెలో నాపబండలు పిల్లలకు చదువు చెప్పేవి. ఆ బండల మీద పడుకొని నెమరు వేసే మేకపోతుకు కూడా ఎక్కాలు వచ్చేవి. నమ్మనివాళ్ల కోసం కాస్త తగ్గించి చెప్పాలంటే, మేకపోతుకు రెండో ఎక్కం దాకానే వచ్చు, అదీ గడ్డి చూపిస్తే. బండల సంగతి మాత్రం తగ్గించడానికి వీల్లేదు.

ఆ బడి టీచరు జ్ఞానమణి. డోన్‌లో రైలు కూతల మధ్య పెరిగిన మనిషి. చర్చి మిషను వాళ్లు పంపితే ఆ పల్లెకు వచ్చింది. బడి అంటే ఒక మట్టిమిద్దె. దానికి కిటికీలు లేవు. మిద్దె కప్పు నడుమ వెలుగు కోసం వదిలిన చాటంత కంత, గవాక్షి ఒకటి, అంతే. నల్లబల్ల లోపలి గోడకు వేలాడేది. వెలుగేమో గది మధ్యలో పడేది, అక్షరాలేమో చీకట్లో ఉండేవి. ముందు కూర్చున్నవాళ్లు బల్లను చదివేవాళ్లు, వెనకవాళ్లు ముందువాళ్ల వీపులు చదివేవాళ్లు. గొర్రెలకాపరి కూతురు సిద్దమ్మ అందరికన్నా వెనక గోడకు ఆనుకొని, ఏడాది పొడుగునా నోరు విప్పకుండా కూర్చుంది. మొద్దు పిల్ల అనుకుంది జ్ఞానమణి.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు బడి మొత్తాన్నే ఆ మాట అన్నాడు. వచ్చే ఏటికి బెంచీలు వరుసగా లేకపోయినా, పిల్లలు చదవకపోయినా గుర్తింపు తీసేస్తానని చెప్పి పోయాడు. గుర్తింపు పోతే మిషను బడిని మూసేస్తుంది. జ్ఞానమణికి ఇంకో ఊరు దొరుకుతుంది. పిల్లలకు గొర్రెలే దొరుకుతాయి.

కొయ్య బెంచీలు తెచ్చే దారి లేదు. ఊరి పక్క నాపరాతి గనిలో అంచులు విరిగాయని పారేసిన బండలు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. బండపని చేసే పెద్ద ఈరన్నను పిలిచి, పిల్లలు కూర్చోవడానికి వాటితో ఏదైనా కట్టమని చెప్పి, వేసవి సెలవులకు ఆమె డోన్‌కు పోయింది.

తిరిగి వచ్చి తలుపు తీసింది. నాలుగు గోడల పొడుగునా, ఊళ్లో రచ్చకట్టలాగా, అందరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చునేట్టు బండలతో కట్టలు కట్టేశాడు ఈరన్న.

"ఇదేంది ఈరన్నా? బడికి కట్టమంటే పంచాయితీకి కట్టినావే."

"కూచునేకి కట్టమంటివి గదమ్మా. కట్టంటే మొగాలు మొగాలు అగపడాల. ముందరోని ఈపు చూస్తా ఎవురు కూచుంటారు?"

"చర్చిలో పాదిరి మాటలు వినేటప్పుడు కూచోరా?"

"అందుకే గదమ్మా ఆడ అందురూ నిద్రపోయేది."

"నవ్వులాట కాదు. పీకెయ్."

"పీకితే పగుల్తాయి. సున్నం పట్టినాక బండ నా మాట ఇనదు."

నల్లబల్లను ఏ గోడకు తగిలించినా కొందరి నెత్తి వెనక్కి పోతోంది. విసిగిపోయి, ఆమె గది మధ్యలో గొంతుక్కూర్చొని, వెలుగు పడే చోట నల్లటి నేలబండ మీదే సుద్దముక్కతో రాసింది. అప్పుడు గది ఏదో చెరువైనట్టు అనిపించింది. పైనుంచి జారిన ఎండలో దుమ్ము బంగారు నలుసుల్లా తేలుతోంది. దాని అడుగున తెల్లటి అక్షరాలు చేపపిల్లల్లా కదులుతున్నాయి. గట్టున కూర్చున్నట్టు పిల్లలంతా వంగి చూస్తున్నారు.

తూర్పు కట్టవాళ్లకు నేరుగా ఉన్న అక్షరం పడమటి కట్టవాళ్లకు తలకిందులు. మొదట గోల చేశారు. తర్వాత ఎవరి వైపు నుంచి వాళ్లు చదవసాగారు. ఒకరు తప్పు పలికితే ఎదుటి కట్ట నుంచి ఇంకొకరు దిద్దేవాళ్లు. పలికేవాళ్ల నోళ్లు అందరికీ కనిపించేవి. పడమటి కట్ట మీద సిద్దమ్మ ఆ నోళ్లనే చూస్తూ పెదవులు కదిపింది. కొన్నాళ్లకు ఆ కదిలే పెదవుల మధ్య నుంచి సన్నటి గొంతు కూడా వచ్చింది. ఆ రోజు జ్ఞానమణి సుద్దముక్క ఆ పిల్ల చేతికే ఇచ్చింది.

ఏడాది తిరిగేసరికి, బయట బండలు పగిలే ఎండలో ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. "వరుసలేవమ్మా?" అన్నాడు గడపలోనే. కుర్చీ వేయాలంటే అక్షరాల మీదే వేయాలి. ఆయన చేసేది లేక పిల్లల మధ్య బండ మీద కూర్చున్నాడు. చల్లదనం పంచె దాటి పైకి పాకింది.

సిద్దమ్మను ఎదురుగా నిలబెట్టి, ఏ పాఠం అడగాలా అని తన ఒళ్లో వాచకం తిరగేశాడు. ఆయన ఒకచోట ఆగాడో లేదో, పిల్ల అవతలి నుంచే, తలకిందులుగానే చదివేసింది.

"బట్టీ పట్టిచ్చినావా అమ్మా?"

"లేదు సార్. మీరే ఏదన్నా తీయండి," అంది జ్ఞానమణి.

ఆయన సద్దిమూట చుట్టిన పేపరు విప్పి, తనకు నేరుగా ఉండేట్టు పెట్టుకున్నాడు. "జుట్టు రాలకుండా వాడండి మా తైలం," అని సిద్దమ్మ తలకిందులుగా చదివి, చివర్లో ఆయన బట్టతల వైపు చూసింది. పిల్లలు మోకాళ్లలో మొహాలు దాచుకున్నారు.

ఆయన కోప్పడలేదు. పేపరు తిప్పి తానూ తలకిందులుగా చదవబోయాడు. ఒక మాట దగ్గర ఆగిపోతే సిద్దమ్మ అందించింది. తర్వాత ఎక్కాలు చెప్పమన్నాడు. ఒక కట్ట అడుగుతుంటే ఎదుటి కట్ట చెబుతోంది. ఆ పాటకు ఆయన కళ్లు మూతపడ్డాయి, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ ఊళ్లో, ఏ చిన్నతనంలో తిరుగుతున్నాడో. ఎండ మెల్లగా నేల మీద జరిగి ఆయన పాదాల మీదికి వచ్చింది.

"వరుసలు లేవు," అన్నాడు లేస్తూ.

గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"వచ్చే ఏడు మళ్లీ వచ్చి చూస్తా."

అంటే, వచ్చే ఏడూ బడి ఉంటుంది.

జ్ఞానమణి ఇప్పుడు డోన్‌లోనే ఉంది. ఈ కథ ఆమెకే వినిపిస్తే, బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"అంతా అబద్ధం. ఈరన్న అనేటోడు ఆ ఊళ్లోనే లేడు. పిల్లోళ్లు బుద్ధిగా వరసలో కూచొని, పుస్తకం నేరుగా పట్టుకొని చదివినారు. చదువు చెప్పింది నేను, బండలు కాదు. ఆ ఇన్‌స్పెక్టరు గడప కూడా తొక్కలే, బయటనే నిలబడి చూసి పోయినాడు."